ఇంటి చుట్టూ పక్షుల ఫొటోలు: ఎలా తీయాలి, తీశాక ఏం చేయాలి, ఎక్కడ ఆగాలి?

దసరా రోజు పాలపిట్ట కనిపిస్తే మంచి జరుగుతుందని తెలుగు ఊళ్లలో నమ్మకం. జమ్మి చెట్టు దగ్గరికి వెళ్లే దారిలో కరెంటు తీగల మీద, పొలం గట్ల మీద జనం వెతికేది ఆ నీలి రెక్కల కోసమే. ఇది తెలంగాణ రాష్ట్ర పక్షి. ఆంధ్రప్రదేశ్‌ 2018లో రామచిలుకను ఎంచుకునే వరకు అక్కడా ఇదే రాష్ట్ర పక్షి. కర్ణాటక, ఒడిశాలకూ ఇదే.

ఈ పక్షి తగ్గిపోతోంది. 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక దేశంలో 30 శాతం లేదా అంతకు మించి తగ్గిన 14 జాతుల పేర్లు చెప్పి, అంతర్జాతీయ రెడ్ లిస్టులో వాటి స్థితిని మళ్లీ అంచనా వేయాలని సూచించింది. ఆ 14లో పాలపిట్ట ఒకటి.

రోజూ ఎక్కడో ఒకచోట కనిపించే పక్షి తగ్గుతోందని ఎలా తెలిసింది? ఇందులో పెద్ద పాత్ర సాధారణ పౌరులది. ఉద్యోగాలు, చదువులు, వ్యాపారాలు చేసుకుంటూ సెలవు రోజుల్లో పక్షులను చూసే 30 వేల మందికి పైగా జనం నమోదు చేసిన సుమారు 3 కోట్ల పరిశీలనలే ఆ నివేదికకు ఆధారం. మెడలో కెమెరా వేసుకుని చెరువు గట్టున తిరిగేవాళ్లు చాలామంది వాళ్లలో ఉన్నారు.

పక్షుల ఫొటోగ్రఫీ ఇప్పుడు దేశంలో వేగంగా పెరుగుతున్న హాబీ. అందమైన ఫొటోతో అది అయిపోవచ్చు. తేదీ, చోటు, లెక్క జత చేస్తే అదే ఫొటో ఆధారంగా పనికొస్తుంది. జాగ్రత్త లేకపోతే అదే హాబీ పక్షికి ప్రాణాంతకమూ అవుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ మూడు సంగతులనూ తెలుసుకోవాలి.

తుపాకీ నుంచి కెమెరాకు

ఒక పక్షి ఫలానా చోట ఉందని నిరూపించాలంటే దాన్ని కాల్చి, చర్మం ఒలిచి, మ్యూజియంలో భద్రపరచడం ఒకప్పటి పద్ధతి. ప్రసిద్ధ పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం హైదరాబాద్ సంస్థానంలో చేసిన సర్వే కూడా నమూనాల సేకరణతో సాగినదే. ఆ రోజుల్లో శాస్త్రం అలాగే నడిచేది.

కెమెరా ఆ పద్ధతిని క్రమంగా మార్చింది. అస్సాంలో టీ ప్లాంటర్ ఇ.పి. గీ, సలీం అలీతో కలిసి భారత్‌లో తిరిగిన మలయా సినిమా వ్యాపారి లోక్ వాన్ థో, మద్రాసుకు చెందిన ఎం. కృష్ణన్ ఈ తరహా ఫొటోగ్రఫీకి దారి వేసినవాళ్లలో ముఖ్యులు. కృష్ణన్ 1950 నుంచి 1996లో చనిపోయే వరకు ‘ది స్టేట్స్‌మన్’ పత్రికలో ‘కంట్రీ నోట్‌బుక్’ అనే శీర్షిక రాశారు. తన అవసరాలకు తగ్గట్టు రకరకాల విడి భాగాలతో ఒక కెమెరాను తానే కూర్చుకుని, దానికి ‘సూపర్ పాండరోసా’ అని సరదా పేరు పెట్టారు. ఆయన రాతల్లో ఏనుగులూ పులులూ ఎంత ఉంటాయో, పెరట్లో తిరిగే ఉడతలూ కాకులూ అంతే ఉంటాయి.

కెమెరా వల్ల ఏం మారిందో చెప్పడానికి కడప జిల్లా కలివి కోడి కథ చాలు. 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోవడంతో ఇది అంతరించిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ గాలింపు ఫలితంగా 1986 జనవరిలో లంకమల అడవుల దగ్గర ఇది మళ్లీ దొరికింది. పట్టుకున్నది అయితన్న అనే స్థానికుడు. అయితే, ఆ పక్షి కొద్ది రోజులకే చనిపోయి మ్యూజియం నమూనాగా మిగిలింది. 2000 తర్వాత ఇదే పక్షిని వెతికిన పరిశోధకులు పొదల మధ్య నేలను చదును చేసి దాని అడుగుజాడలు చూశారు, వాటంతట అవే ఫొటో తీసే కెమెరాలను అమర్చారు. పక్షిని ముట్టుకోకుండానే అది ఉందన్న ఆధారం దొరికింది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

పులుల అభయారణ్యానికి సఫారీ బుక్ చేయడం చాలామంది వేసే మొదటి అడుగు. అనుభవం ఉన్నవాళ్లు ఇచ్చే సలహా దీనికి పూర్తిగా భిన్నం. మీ వీధి, మీ మేడ, మీ ఊరి చెరువుతో మొదలుపెట్టండి. సఫారీలో ఒక పక్షి ముందు మీకు దొరికేది రెండు నిమిషాలు. మేడ మీద నుంచి చూస్తే అదే తేనెపిట్ట రోజూ ఒకే సమయానికి మందార పూల దగ్గరికి వస్తుంది. అది ఎటు నుంచి వస్తుందో, ముందు ఏ కొమ్మ మీద వాలుతుందో వారం తిరిగేసరికి తెలిసిపోతుంది. ఈ తెలివిడి ఏ లెన్సూ ఇవ్వలేదు.

సాధారణ జాతుల పేర్లు మనకు తెలిసినవే. గోరువంక, పిగిలిపిట్ట, జెముడుకాకి, వడ్రంగి పిట్ట, లకుముకి పిట్ట, పసిరిక పిట్ట, తీతువు, నీటికాకి, గిజిగాడు. ఒక పట్టణ శివారు చెరువు చుట్టూ ఉదయం గంటసేపు తిరిగితే వీటిలో సగమైనా కనిపిస్తాయి. హైదరాబాద్ అంచున ఉన్న అమీన్‌పూర్ చెరువు ఇందుకు మంచి ఉదాహరణ. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా పక్షులు రావడం మానలేదు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు.

గుంటూరు దగ్గర ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, ఒకప్పటి అనంతపురం జిల్లాలోని వీరాపురం గ్రామాల్లో పెద్ద కొంగలు ఊళ్ల నడుమే గూళ్లు కడతాయి. వాటిని ఊరివాళ్లే కాపాడుకుంటున్నారు. ఇలాంటి చోట్లకు వెళ్లినప్పుడు ముందు ఊరివాళ్లతో మాట్లాడడం మర్యాద. ఎక్కడ నిలబడితే పక్షులు బెదరవో వాళ్లకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

మరో సంగతి. ఈ ఊళ్లకు వచ్చే ఎర్రకాళ్ల కొంగలను, గూడబాతులను ‘సైబీరియా పక్షులు’ అనడం పరిపాటి. నిజానికి ఇవి దక్షిణ, ఆగ్నేయాసియా పక్షులే. నీళ్లు, చేపలు ఉన్నచోటును బట్టి మన ప్రాంతంలోనే అటూ ఇటూ తిరుగుతాయి. గుడ్లు పెట్టడానికి ఈ చెట్లనే నమ్ముకుంటాయి. ఇక్కడ చెట్టు పోతే వాటికి తిరిగి వెళ్లడానికి సైబీరియా లేదు.

ఏ కాలంలో ఏవి?

అక్టోబరు నుంచి మార్చి వరకు వలస పక్షుల కాలం. ఉత్తరాన చలి ముదిరేకొద్దీ మధ్య ఆసియా, మంగోలియా, సైబీరియా వైపు నుంచి బాతులు, ఉల్లంకులు, గద్దలు దక్షిణానికి దిగుతాయి. పులికాట్‌లో రాజహంసలను, నేలపట్టులో గూడు కట్టుకున్న గూడబాతులను, కొల్లేరులో బాతుల గుంపులను చూడాలంటే ఇదే అదను. చలికాలంలో గులాబీ గోరువంకలు వేల సంఖ్యలో వచ్చి జొన్న చేల మీద వాలతాయి. సాయంత్రం వేళ ఆకాశంలో అవి కట్టే ఆకారాలను ఫోన్‌తో కూడా తీయవచ్చు.

వేసవిలో మనుషులు బయటికి రారు కానీ, నీటి గుంట దగ్గర ఓపికగా కూర్చున్నవాళ్లకు అన్నీ అక్కడికే వస్తాయి. అయితే అప్పుడు నీళ్లు తాగడానికి వచ్చిన పక్షికి మీరు అడ్డం కాకూడదు. వానలు పడ్డాక గిజిగాళ్లు గూళ్లు అల్లడం మొదలుపెడతాయి. మగ పిట్టలకు పసుపు రంగు వస్తుంది. కప్పలు, సీతాకోకచిలుకలు, రకరకాల పురుగులు కనిపించే కాలం కూడా ఇదే.

కెమెరా ఎంత ఖరీదుది కావాలి?

పక్షి చిన్నది, దూరంగా ఉంటుంది, కదులుతూ ఉంటుంది. ఈ హాబీలో ఖర్చంతా ఈ మూడింటి వల్లే.

తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలంటే, లెన్స్ మార్చే పని లేకుండా ఎక్కువ జూమ్ ఉండే బ్రిడ్జ్ కెమెరాలు ఉన్నాయి. నికాన్ పీ1000లో ఆప్టికల్ జూమ్ 125 రెట్లు. వెలుతురు బాగా ఉంటే పక్షిని గుర్తుపట్టడానికి కావలసిన వివరాలు వీటిలో చక్కగా వస్తాయి. మసక వెలుతురులో, ఎగిరే పక్షి విషయంలో ఇవి వెనకబడతాయి.

తర్వాతి మెట్టు లెన్స్ మార్చుకునే కెమెరా. 70–300 మిల్లీమీటర్ల లెన్స్‌తో తోటలోని పక్షులను, సీతాకోకచిలుకలను తీయవచ్చు. చెరువు మధ్యలోని పక్షులకు 100–400, 150–600 లేదా 200–600 కావాలి. వీటిలో కొన్నింటి ధర లక్ష రూపాయలు దాటుతుంది. ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న కెమెరా ఇక్కడ కలిసొస్తుంది. దాని మీద 300 లెన్స్ దాదాపు 450 లెన్స్‌లా పక్షిని దగ్గరగా చూపిస్తుంది. డబ్బు పరిమితంగా ఉంటే బాడీ మీద తగ్గించి లెన్స్ మీద పెట్టడం మేలు. సెకండ్‌హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు టార్చ్‌లైట్ వేసి లోపల ఫంగస్ ఉందేమో చూడాలి. మన కోస్తా తేమలో ఇది తరచూ వచ్చే జబ్బు. ఇంట్లో గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి అందులో దాస్తే దీన్ని చాలావరకు ఆపవచ్చు.

కెమెరా కంటే ముందు ఒక బైనాక్యులర్ కొనుక్కోమని పాతవాళ్లు చెబుతారు. ఇది నిజంగా పనికొచ్చే సలహా. కెమెరా మాత్రమే ఉన్నవాళ్లు పక్షిని తీస్తారు గానీ చూడరు.

తీసేటప్పుడు గుర్తుంచుకోవలసినవి

సూర్యోదయం తర్వాతి రెండు గంటలు, సూర్యాస్తమయానికి ముందు గంటన్నర మంచి సమయం. వెలుతురు మెత్తగా ఉంటుంది, పక్షులు చురుగ్గా మేస్తుంటాయి. ఎండెక్కాక నేల నుంచి లేచే వేడి గాలి వల్ల దూరపు ఫొటోలు ఎంత మంచి లెన్స్‌తో తీసినా కరిగినట్టు వస్తాయి. అది మీ చేతి తప్పు కాదు, ఫోకస్ లోపమూ కాదు. దగ్గర్లో ఉన్న పక్షిని తీయడమో, ఇంటికి వెళ్లడమో మంచిది.

సూర్యుణ్ని వీపు వైపు ఉంచుకోండి. కూర్చున్న పక్షికి షటర్ వేగం సెకనులో 500వ వంతు సరిపోతుంది. ఎగిరే పక్షికి 2000వ వంతు కావాలి. ఐఎస్ఓను ఆటోలో పెట్టి, షటర్ వేగాన్ని మీ చేతిలో ఉంచుకుంటే కొత్తలో తేలిక. ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే ఉండాలి. రెక్క కాస్త మసకైనా ఫరవాలేదు, కన్ను మసకైతే ఫొటో పోయినట్టే.

తెల్ల కొంగను చీకటి నీళ్ల ముందు తీస్తే ఈకల వివరం పోయి తెల్ల కాగితంలా వస్తుంది. ఎక్స్‌పోజర్‌ను కొంచెం తగ్గించాలి. తెల్లటి ఆకాశం ముందు నల్ల కాకిని తీసేటప్పుడు దీనికి విరుద్ధంగా పెంచాలి. మీ కెమెరా కన్ను పక్షి కంటి ఎత్తుకు దిగితే ఫొటో తీరే మారిపోతుంది. చెరువు ఒడ్డున మోకాళ్ల మీద కూర్చోవడానికి బురద పట్టినా నష్టం లేని ప్యాంటు వేసుకోండి.

దగ్గరికి వెళ్లడానికి తొందర పనికిరాదు. పక్షి వైపు నేరుగా నడిస్తే అది మిమ్మల్ని వేటాడే జంతువుగానే చూస్తుంది. పక్కకు పక్కకు, ఆగుతూ ఆగుతూ వెళ్లి, ఒక చోట కూర్చుండిపోవడం ఉత్తమం. కాసేపటికి పక్షి మిమ్మల్ని మరిచిపోయి తన పనిలో పడుతుంది. మంచి ఫొటోలన్నీ ఆ తర్వాత వచ్చేవే. కారులోంచి దిగకుండా తీయడం ఇంకా తేలిక. పక్షులు మనిషి ఆకారానికి బెదిరినంతగా బండికి బెదరవు.

పక్షులే కానక్కర్లేదు

లెన్స్ కొనే స్తోమత లేనివాళ్లు నిరాశపడనక్కర్లేదు. తొండలు, సాలీళ్లు, తూనీగలు, సీతాకోకచిలుకలు ఫోన్‌కు అందే దూరంలోనే ఉంటాయి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు వాటి కదలిక తక్కువ కాబట్టి అప్పుడు తీయడం తేలిక. వీటి విషయంలో పక్షుల కంటే మనకు తెలిసింది తక్కువ. అందుకే ఒక కాలనీ పార్కులో తీసిన సాలీడు ఫొటోకు కూడా విలువ ఉంటుంది.

ఊరి జంతువు ఎంత గొప్ప ఫొటో ఇవ్వగలదో చెప్పడానికి ముంబై ఫొటోగ్రాఫర్ నయన్ ఖానోల్కర్ తీసిన ఒక చిత్రం చాలు. సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనం అంచున, ఇళ్ల మధ్య సందులోంచి రాత్రిపూట వెళ్తున్న చిరుత ఫొటో అది. 2016లో ‘వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్’ పోటీల్లో పట్టణ విభాగంలో గెలిచింది. ఆఫ్రికా వెళ్లి తీసింది కాదు, సొంత నగరంలో నెలల తరబడి ఓపిక పట్టి తీసింది.

ఫొటో ఎప్పుడు ఆధారం అవుతుంది?

వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఫొటో మర్నాటికి కిందికి వెళ్లిపోతుంది. అదే ఫొటోను తేదీ, సమయం, చోటుతో ‘ఈబర్డ్’లో చేర్చితే ఎన్నేళ్లయినా వెతికితే దొరుకుతుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షి పరిశోధనా సంస్థ, ఆడుబాన్ సొసైటీ 2002లో దీన్ని మొదలుపెట్టాయి. భారత్‌లో దీని వాడకాన్ని ‘బర్డ్ కౌంట్ ఇండియా’ అనే సమూహం ప్రోత్సహిస్తోంది. మొక్కలు, పురుగులు, పాములు సహా అన్ని జీవులకూ ‘ఐనాచురలిస్ట్’ ఉంది. పేరు తెలియకపోయినా ఫొటో పెడితే తెలిసినవాళ్లు చెబుతారు. పక్షిని అక్కడికక్కడే గుర్తుపట్టడానికి ‘మెర్లిన్’ యాప్ సాయపడుతుంది. దాని జవాబును తుది తీర్పుగా కాక, ఒక సూచనగా తీసుకోవాలి.

ఫొటోగ్రాఫర్లు సాధారణంగా పొరపడేది ఇక్కడే. అరుదైన పక్షి దొరికితే వెంటనే నమోదు చేస్తారు. అదే ఉదయం చూసిన కాకులు, గోరువంకలు, పాలపిట్ట ‘మామూలువే కదా’ అని వదిలేస్తారు.

లెక్క ఎలా వేస్తారో తెలిస్తే ఇది ఎంత నష్టమో అర్థమవుతుంది. దేశంలో పాలపిట్టలు మొత్తం ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కించలేరు. అందుకే పరిశోధకులు మరో ప్రశ్న వేసుకుంటారు. ఒక ప్రాంతం నుంచి వచ్చిన ప్రతి 100 పూర్తి జాబితాల్లో పాలపిట్ట ఎన్నింటిలో ఉంది? పదేళ్ల కింద 40 జాబితాల్లో ఉండి, ఇప్పుడు 25లోనే ఉంటే అది తగ్గుతున్నట్టు. (ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే.) ఈ పద్ధతి పని చేయాలంటే చూసిన పక్షులన్నీ జాబితాలో ఉండాలి. అలా ఉంటేనే, జాబితాలో లేని పక్షి అక్కడ కనిపించలేదన్నది కూడా సమాచారం అవుతుంది. అరుదైనవే రాస్తే మామూలు పక్షి మాయమవుతున్న సంగతి ఎవరికీ తెలియదు.

2023 నివేదిక మొత్తం 942 జాతులను పరిశీలించింది. దీర్ఘకాలిక ధోరణి చెప్పడానికి తగినంత సమాచారం ఉన్నది 338 జాతులకే. వాటిలో 60 శాతం తగ్గుముఖం పట్టాయి. మిగతా 600కు పైగా జాతుల దీర్ఘకాలిక ధోరణి చెప్పాలంటే ఉన్న సమాచారం చాలదు. మీ ఊరి చెరువు జాబితా భర్తీ చేసేది ఆ ఖాళీనే.

మసక ఫొటోకూ ఇక్కడ చోటుంది. అనుకోని చోట అనుకోని పక్షి కనిపించిందని రాస్తే, ఆ ప్రాంతపు స్వచ్ఛంద పరిశీలకులు ఆధారం అడుగుతారు. అప్పుడు ముక్కు ఆకారం, కాలి రంగు కనిపించే ఫొటో చాలు. అందంగా ఉండనక్కర్లేదు. కాలికో మెడకో పట్టీ ఉన్న పక్షి కనిపిస్తే ఆ పట్టీ మీది అక్షరాలు కనిపించేలా తీయండి. తల మీద రెండు నల్ల చారలుండే బార్‌హెడెడ్ గూస్ బాతులకు మంగోలియాలో పరిశోధకులు మెడపట్టీలు వేశారు. వాటిలో కొన్ని కర్ణాటక చెరువుల్లో ఫొటోలకు చిక్కాయి. హిమాలయాలు దాటి ఆ బాతు ఎక్కడికి చేరిందో చెప్పింది చెరువు గట్టున నిలబడిన ఒక మనిషి తీసిన ఫొటోనే.

మొదలుపెట్టడానికి మంచి సందర్భం ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’. ఒక చోట కనీసం 15 నిమిషాలు ఉండి, చూసినవన్నీ రాస్తే చాలు. ఒంటరిగా మొదలుపెట్టడం కష్టమనుకుంటే హైదరాబాద్‌లో ‘దక్కన్ బర్డర్స్’ లాంటి పాత సంఘాలు ఉన్నాయి. ఒకప్పటి ‘బర్డ్ వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ ఇదే.

ఎక్కడ ఆగాలి?

పక్షి తన పని ఆపి మీ వైపు చూస్తుంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చినట్టు. మెడ నిక్కించడం, మేత ఆపడం, అదే పనిగా అరవడం హెచ్చరికలు. తీతువు మీ నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంటే దాని గుడ్లో పిల్లలో దగ్గర్లోనే నేల మీద ఉన్నట్టే. కాలు ఎక్కడ పెడుతున్నారో చూసుకుంటూ, వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి.

గూళ్ల ఫొటోలు తీయకపోవడమే మంచిది. ఇది కొత్తవాళ్లకు వినడానికి కష్టంగా ఉంటుంది. తల్లి పిల్లల నోట్లో మేత పెట్టే దృశ్యం అందరికీ నచ్చుతుంది, పైగా గూడు కదలదు కాబట్టి తీయడం తేలిక. కానీ ఆ ఫొటో కోసం కొమ్మలు విరిచినా, పక్కకు కట్టినా గూటికి నీడ పోతుంది, కాకికి దారి దొరుకుతుంది. మీరు అక్కడ నిలబడిన అరగంట తల్లి గూటికి రాదు. మండుటెండలో ఈకలు రాని పిల్లలకు ఆ అరగంటే ఎక్కువ. మీరు వెళ్లాక ఏం జరిగిందో మీకు తెలియదు కాబట్టి, ఏమీ జరగలేదనే అనుకుంటారు.

ఎగిరే ఫొటో కోసం కొంగల గుంపు మీద రాయి విసరడం, చప్పట్లు కొట్టడం, డ్రోన్ తిప్పడం కూడా ఇలాంటివే. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షికి ఇక్కడ తిండి, విశ్రాంతి కావాలి. అనవసరంగా లేపిన ప్రతిసారీ అది తిన్నది ఖర్చవుతుంది. స్పీకరులో కూత వినిపిస్తే మగ పక్షి తన ఇలాకాలోకి శత్రువు వచ్చిందనుకుని మేత మాని పరుగెత్తుకొస్తుంది. ఒకరు ఒకసారి చేస్తే ఏమో గానీ, ఒకే పక్షి మీద వారానికి పాతికమంది చేస్తే అది ఆ చోటు వదిలేయవచ్చు. ఎర వేసి రప్పించడం, రాత్రిపూట గుడ్లగూబ కళ్లలోకి ఫ్లాష్ కొట్టడం, కప్పల్ని, పురుగుల్ని చల్లబరిచి కదలకుండా చేసి ‘పోజు’ పెట్టించడం కూడా వద్దు.

కొన్ని జీవుల విషయంలో చోటు చెప్పడమే ప్రమాదం. దీపావళి దగ్గరపడితే క్షుద్రపూజల పేరుతో గుడ్లగూబలను పట్టి అమ్ముతారు. నక్షత్ర తాబేళ్లను పెంపుడు జంతువులుగా దేశం దాటిస్తారు. దేవాంగ పిల్లులనూ మూఢనమ్మకాల పేరిట పట్టి హింసిస్తారు. వీటి ఫొటో పెడితే ఊరి పేరు, చెట్టు గుర్తు, మ్యాప్ లింకు పెట్టకండి. ఫోన్ ఫొటోలో దానంతట అదే చేరే లొకేషన్‌ను తీసేయండి. ఈబర్డ్ కొన్ని సున్నితమైన జాతుల చోట్లను దాచిపెడుతుంది. ఐనాచురలిస్ట్ కూడా ప్రమాదంలో ఉన్న జాతుల చోటును కచ్చితంగా చూపించదు. సోషల్ మీడియా అలా చేయదు.

అబద్ధపు ఫొటోలకు శిక్ష పోటీల్లోనూ ఉంది. ‘వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్’ 2009లో గెలిచిన తోడేలు ఫొటోను, ఆ తోడేలు శిక్షణ పొందినదై ఉండవచ్చన్న కారణంతో 2010లో రద్దు చేశారు. 2018లో మరో ఫొటోను, అందులోని జంతువు చచ్చి గడ్డి కూరినదై ఉంటుందని తేల్చి తొలగించారు.

చట్టం ఏం చెబుతోంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో ‘వేట’ అంటే చంపడం ఒక్కటే కాదు. పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లను లేదా గూళ్లను కదిలించడం కూడా వేట నిర్వచనంలోకే వస్తుంది. ఫొటో కోసమే చేశామన్నది మినహాయింపు కాదు. చట్టాన్ని 2022లో సవరించారు. ఆ తర్వాత సాధారణ ఉల్లంఘనలకు మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఎక్కువ రక్షణ ఉన్న జాతుల విషయంలో శిక్ష ఇంకా ఎక్కువ.

అభయారణ్యాల్లోకి ఫొటోల కోసం వెళ్లడానికి 28వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి. ఆవాసాన్ని మార్చకుండా, వన్యప్రాణులకు హాని కలగకుండా తీయాలన్న షరతును 2022 సవరణ ఇందులో చేర్చింది. పర్యటకుల ప్రవేశం ఉన్న చోట్ల టికెట్‌తో పాటు కెమెరా రుసుము విడిగా ఉండవచ్చు. డ్రోన్ వాడాలంటే డ్రోన్ నిబంధనలు పాటించడంతో పాటు అటవీ శాఖ అనుమతీ ఉండాలి. ఊరి చెరువు, పొలం గట్టు దగ్గర ఇలాంటి అనుమతి అక్కర్లేదు, కానీ పొలం యజమానిని అడగడం ధర్మం. విమానాశ్రయాలు, సైనిక స్థావరాల చుట్టుపక్కల పొడవాటి లెన్స్ బయటికి తీయకండి.

పండగ రోజు పాలపిట్ట

దసరాకు కొన్ని చోట్ల పాలపిట్టలను పట్టి, బోనులో పెట్టి, డబ్బులు తీసుకుని చూపిస్తారు. రెక్కలు కట్టేయడం, ఎగరకుండా జిగురు పూయడం కూడా జరుగుతోంది. ఇది నేరం. అలాంటి బోను ముందు నిలబడి ఫొటో తీసుకుంటే, ఆ వ్యాపారానికి గిరాకీ పెంచినట్టే. బోను కనిపిస్తే అటవీ శాఖకు చెప్పాలి.

పాలపిట్టను చూడడానికి బోను అవసరం లేదు. ఊరి బయట, పొద్దున ఏడు గంటలకు, తీగ మీద కూర్చుని నేల మీది మిడత కోసం చూస్తూ ఉంటుంది. దూరంగా ఆగి, దాన్ని లేపకుండా, అది తనంతట తాను ఎగిరేదాకా ఆగితే ఆ నీలి రెక్కల ఫొటో మీకు దొరుకుతుంది. ఇంటికి వచ్చాక ఆ ఉదయం చూసిన కాకులు, గోరువంకలతో కలిపి దాన్నీ జాబితాలో రాయండి. ఆ రోజు పాలపిట్ట కనిపించకపోతే, మిగతా జాబితా తప్పకుండా రాయండి. అది కనిపించలేదన్న సంగతి కూడా ఎక్కడో ఒకచోట నమోదై ఉండాలి.